గోదావరి గులకరాళ్లలో అగేటు, జాస్పరు: ఏరడం నుంచి మెరుపు దాకా

గోదావరి తెలంగాణలోకి ప్రవేశించేది నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర. మంజీర వచ్చి కలిసేదీ అక్కడే. వేసవిలో నీరు తగ్గాక ఇసుక మేటల అంచున తేలే గులకరాళ్లను ఒక దోసెడు తీసి నీళ్లలో ముంచి చూస్తే, బూడిద రంగు రాళ్ల మధ్య తేనె రంగువి, ఇటుక ఎరుపువి, ఆవపిండి పసుపువి, లోపల నాచు చిక్కుకున్నట్టు పచ్చగా ఉండేవి కొన్ని కనిపిస్తాయి. ఇవి అగేటు, కార్నీలియన్, జాస్పరు జాతి రాళ్లు. అగేటును పాత వాడుకలో అకీకు అనీ, చారలున్న దానిని సులేమానీ రాయి అనీ అంటారు.

ఈ రాళ్లను ఇంట్లోనే ఒక చిన్న డ్రమ్ములో వారాల తరబడి దొర్లించి అద్దంలా మెరిసేట్టు చేయవచ్చు. చివర్లో వేసే పాలిష్ పొడే మెరుపునిస్తుందని మొదటిసారి చేసేవారు నమ్ముతారు. అయితే రాయి మెరుస్తుందా లేదా అన్నది ఏటి ఒడ్డున చేతికి తీసుకున్నప్పుడు సగం, మొదటి గరుకు దశలో దానికిచ్చిన వ్యవధిలో మిగతా సగం తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఏరడం గురించి, మొదటి దశ గురించి విస్తారంగా రాసి, తక్కిన దశలను క్లుప్తంగా చెప్పాను.

ఈ రాళ్లు ఎక్కడివి

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను పీఠభూమి మీద పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి బసాల్టు అనే నల్లరాయిగా మారింది. చల్లారే లావాలో చిక్కుకున్న వాయువుల బుడగలు రాతిలో బొర్రలుగా మిగిలిపోయాయి. ఆ తరువాత రాతి పగుళ్లలోంచి ఊరిన నీరు తనలో కరిగిన సిలికాను ఆ బొర్రల గోడలకు పూత పూసినట్టు పేరుస్తూ వచ్చింది. అలా నిండిన బొర్రే అగేటు, ఒక్కొక్క పూతే దానిలోని ఒక్కొక్క చార. ఇనుము ఆక్సైడులు దండిగా కలిసి వెలుతురు చొరబడని రాయిగా గట్టిపడితే అది జాస్పరు. ఎరుపు హెమటైటు వల్ల, పసుపు గోథైటు వల్ల వస్తాయి. ఆకుపచ్చ నాచుతీగల వంటి రూపం సెలడోనైటు, క్లోరైటు వంటి ఖనిజాల వల్ల, నల్లని చెట్టుకొమ్మల వంటి గీతలు మాంగనీసు ఆక్సైడుల వల్ల ఏర్పడతాయి.

నల్లరాయి కాలక్రమాన చివికి రేగడి నేల అవుతుంది, కాని అగేటు చివకదు. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో 6.5 నుంచి 7 దాకా ఉన్న ఈ రాయి మట్టిలోంచి విడివడి వాగులో పడి, అక్కడినుంచి నదికి చేరుతుంది. గోదావరి త్రయంబకం దగ్గర పుట్టింది మొదలు మహారాష్ట్ర అంతటా ఈ నల్లరాతి నేల మీదనే ప్రవహించి వస్తుంది. మంజీర, పెన్‌గంగ కూడా అటువంటివే, దక్షిణాన కృష్ణా భీమాలూ అంతే. అందువల్ల తెలంగాణలో ఈ రాళ్లు రెండు చోట్ల దొరుకుతాయి. మొదటిది ఆదిలాబాద్, జహీరాబాద్ వైపు ఉన్న నల్లరాతి, రేగడి ప్రాంతం. రెండవది ఆ నేలను కడిగి తెచ్చే నదుల గులకమేటలు. రెండింటి స్వభావమూ వేరు. చేనులో దొరికిన రాయి మొటిమలు దేరిన గరుకు తోలుతో, పెద్దదిగా, ఒక్కోసారి లోపల స్ఫటికాల గుహతో ఉంటుంది. నదిలో దొరికిన రాయి చిన్నదే అయినా, దానిలోని బలహీనమైన భాగాలన్నీ దారిలోనే రాలిపోయి ఉంటాయి కనుక మొదటిసారి దొర్లించేవారికి నేను నదిరాయినే సూచిస్తాను.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా నదిలో అనువైన కాలం. కందకుర్తి వైపు వెళ్లేవారు ఎగువన మహారాష్ట్రలో ఉన్న బాబ్లీ బ్యారేజీ సంగతి తప్పక తెలుసుకోవాలి. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దాని గేట్లను ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉంచుతారు. మార్చి 1న కూడా 0.6 టీఎంసీల నీటిని దిగువకు వదులుతారు. ఆ రోజున, ఆ మరునాడు ఇసుకలోకి దిగకూడదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇసుక తవ్విన గుంతలది. పైకి మోకాలి లోతుగా కనిపించే నీటి కింద నిలువెత్తు గొయ్యి ఉండవచ్చు. ఒడ్డుమీద గులకమేటలు ఎన్నో ఉండగా నీటిలోకి దిగి వెతకవలసిన అవసరమే లేదు. ఒంటరిగా వెళ్లవద్దు, పిల్లలను తీసుకువెళితే నీటి అంచుకు పంపవద్దు.

మేటమీద ఎక్కడ చూడాలన్నది కూడా ముఖ్యమే. నది మలుపు తిరిగే చోట లోపలి వైపున, వరద వేగం తగ్గిన తావుల్లో నీరు తన బరువును దింపుతుంది. అక్కడ ఇసుక మీద పరుచుకున్న గులకరాళ్ల పట్టీలలో కోడిగుడ్డుకన్నా చిన్నవి ఉన్న పట్టీని ఎంచుకోండి. ఉదయం ఎనిమిది లోపల, లేదా సాయంత్రం సూర్యుడు వాలాక, సూర్యుడికి ఎదురుగా నడవాలి. వెలుతురు రాతి గుండా మన కంటికి చేరుతుంది కనుక, అగేటు అంచు దీపపు చిమ్నీలా వెలుగుతూ దూరం నుంచే తెలిసిపోతుంది. వెలుతురును పోనివ్వని జాస్పరుకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, దానిని తడిపి రంగును బట్టే గుర్తించాలి.

రేగడి చేలల్లో వెతకడానికి తొలకరికి ముందు దున్నిన చేను మీద ఒక జల్లు పడిన మరునాడు మంచి సమయం. అయితే చేలో అడుగుపెట్టక ముందే రైతు అనుమతి అడగాలి. చాలామంది రైతులు నాగలికి అడ్డుపడే రాళ్లను ఏరి గట్టుమీద కుప్పలు పోస్తారు. ఆ కుప్పలు చూసుకోనిమ్మని అడిగితే చేను తొక్కే పనే ఉండదు, నాలుగు గంటల్లో దొరికేది అరగంటలో దొరుకుతుంది. విత్తనం పడ్డాక చేల వైపు వెళ్లకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం పక్కన కాతేరు దగ్గర, గోదావరి ఆవలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం దగ్గర కూడా ఇదే కాలపు నల్లరాయి బయటపడుతుంది. అక్కడి కంకర క్వారీలలోకి యజమాని అనుమతి లేకుండా, పేలుళ్ల వేళల గురించి తెలుసుకోకుండా వెళ్లకూడదు.

ఏవి ముట్టకూడదు

అగేటు, జాస్పరులను 2015 ఫిబ్రవరిలో కేంద్రం చిన్న తరహా ఖనిజాలుగా ప్రకటించింది. వాటిని తవ్వడం, అమ్మడం రాష్ట్ర గనుల శాఖ నిబంధనల కిందికి వస్తాయి. కాబట్టి తవ్వకూడదు, బస్తాలతో తరలించకూడదు, అమ్మకం తలపెట్టకూడదు. పైన పడి ఉన్నవాటిలో ఒక చేతిసంచికి మించకుండా, అదీ స్థలం ఎవరి అధీనంలో ఉందో వారిని అడిగి తీసుకోవాలి. రిజర్వు అడవిలో, కవ్వాల్ పులుల అభయారణ్యంలో రాయిని తీసుకోవడం నేరం కనుక అక్కడ చూసి రావడమే మన హక్కు.

రెండవ నిషేధం నాకు మరింత ముఖ్యమైనది. ఈ రాళ్లతో ఈ నేలమీద మనుషులు వేల ఏళ్లుగా పనిచేస్తున్నారు. రాతియుగపు చిన్న చిన్న పలకల పనిముట్లు జాస్పరు, చాల్సెడొనీ (అగేటు కుటుంబపు రాయి), చెకుముకిరాళ్లతో చేసినవే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో బయటపడిన శాతవాహనుల నాటి పూసలలో అగేటు, కార్నీలియన్ పూసలున్నాయి, వాటిని అక్కడి మ్యూజియంలో చూడవచ్చు. మీకు దొరికిన రాయికి సన్నని రంధ్రం ఉన్నా, రెండు అంచులూ సమాంతరంగా సాగిన బ్లేడులా ఉన్నా, ఒక పక్క వరుసగా చెక్కిన గంట్లు కనిపించినా దానిని కదపకుండా ఫొటో తీసి, చోటును గుర్తించి రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. నూరేళ్లు దాటిన అటువంటి వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. డ్రమ్ములో వేస్తే ఒక్క వారంలో రెండు వేల ఏళ్ల పనితనం చెరిగిపోతుంది.

చేతిలో రాయిని పరీక్షించడం

సంచిలో వేసే ముందు ప్రతి రాయినీ తడపాలి. తడిసినప్పుడు కనిపించే రంగే పాలిష్ తరువాత మిగిలే రంగు. తడిపినా ఆకట్టుకోని రాయి నెల రోజులు దొర్లించినా ఆకట్టుకోదు.

తరువాత కాఠిన్యం చూడాలి. మామూలు ఉక్కు చాకు మొనతో గట్టిగా గీస్తే అగేటు మీద గీత పడదు, పైగా చాకు లోహమే వెండిగీతలా రాతికి అంటుకుంటుంది. గీత పడి తెల్లపొడి రాలితే అది కాల్సైటు గాని, నల్లరాతి బొర్రల్లోనే దొరికే జియోలైటు గాని అయి ఉంటుంది. జియోలైటు గుత్తులు చూడడానికి ఎంత అందంగా ఉన్నా దొర్లించడానికి పనికిరావు, అవి రెండు రోజుల్లో బురదవుతాయి. నల్లరాతి గులకలు పరిమాణానికి మించిన బరువుతో, తడిపినా మసక నలుపుగా ఉంటాయి, వాటినీ వదిలేయాలి. పలుగురాయి కాఠిన్యంలో అగేటుకు సమానమే గాని, విరిగిన చోట పంచదార పలుకుల్లా కనిపిస్తుంది. అగేటు విరిగిన చోట మైనంలా నున్నగా, చిప్ప ఆకారంలో గుంటపడి ఉంటుంది.

మూడవది, అన్నిటికన్నా ఎక్కువమంది విస్మరించేది, పగుళ్ల పరీక్ష. రాయిని పూర్తిగా తడిపి, బట్టతో తుడిచి, ఆరుతుండగా గమనించండి. పైభాగం ఆరిపోయినా ఒక గీత వెంట తడి నిలిచి ఉంటే అక్కడ పగులు ఉన్నట్టే. నదిరాళ్ల మీద గోటితో నొక్కినట్టుండే నెలవంక గుర్తులు వేరు. అవి వరదలో రాయి రాయిని కొట్టుకోవడం వల్ల పైపైన ఏర్పడినవి, చాలావరకు గరుకు దశలో పోతాయి. ఒక అంచు నుంచి ఇంకొక అంచుకు సాగే పగులు మాత్రం పోదు. ఆ రాయి డ్రమ్ములో విరిగి, దాని వాడి ముక్క తక్కిన రాళ్లన్నిటినీ గీరుతుంది. చూడముచ్చటైన రంగున్న పగులురాయిని వదులుకోవడం కష్టమే అయినా వదులుకోక తప్పదు. దానిని నీళ్ల గిన్నెలో అలంకరణకు ఉంచుకోవచ్చు.

సామగ్రి

రబ్బరు డ్రమ్ము ఉన్న చిన్న రోటరీ టంబ్లరు (డ్రమ్మును మోటారుతో తిప్పే యంత్రం) చాలు. ఒకటిన్నర కిలోల డ్రమ్ము ఇంటికి అనువైనది. ప్లాస్టిక్ డ్రమ్ములు చవకే గాని రాత్రింబగళ్లు ఆగని మోత చేస్తాయి. రాళ్లను కొట్టుకోకుండా కాపాడేందుకు చిన్న సిరామిక్ ముక్కలు కొంత కావాలి. గరుకు పొడిగా సిలికాన్ కార్బైడు వాడతారు. అబ్రేసివ్‌లు అమ్మే దుకాణాలలో కార్బొరండం పొడి అని అడిగితే తెలుస్తుంది. 60/90, 120/220, 500 అంకెల పొడులు మూడూ, చివరికి మెత్తని అల్యూమినియం ఆక్సైడు పాలిష్ పొడీ తీసుకోవాలి. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. ఇసుకతో సరిపెట్టుకోవాలని కొందరు ప్రయత్నిస్తారు, కాని ఇసుక కూడా అగేటు లాగే క్వార్ట్జే (పలుగురాయి ఖనిజమే) కనుక అగేటును అరగదీయలేదు.

మొదటి దశ: గరుకు పొడి

కాఠిన్యంలో సమానమైన రాళ్లను మాత్రమే కలిపి వేయాలి. అగేటు, కార్నీలియన్, గట్టి జాస్పరు కలిసి దొర్లవచ్చు. మట్టివాసన వచ్చే, నాలుకకు అంటుకునే జాస్పరు మెత్తనిది, దానిని పక్కన పెట్టండి. పరిమాణంలో మాత్రం తేడా ఉండాలి. మూడు, మూడున్నర సెంటీమీటర్ల రాళ్లు కొన్ని, వేలి గోరంత రాళ్లు ఎక్కువ ఉంటే, పెద్దవాటి గుంటల్లోకి చిన్నవి పొడిని మోసుకుపోతాయి. అన్నీ పెద్దవే వేస్తే రాళ్లు దొర్లకుండా ఒకదానిమీద ఒకటి పడి దెబ్బతింటాయి.

రాళ్లను బ్రష్షుతో కడిగి, మట్టి పూర్తిగా వదిలించి, డ్రమ్మును మూడింట రెండు వంతులు నింపాలి. ముప్పాతిక దాటకూడదు. రాళ్లు చాలకపోతే సిరామిక్ ముక్కలతో పూడ్చండి. ప్రతి అర కిలో రాళ్లకు రెండు టేబుల్‌స్పూన్ల 60/90 పొడి వేసి, నీటిని పైవరుస రాళ్లు కొద్దిగా బయటికి కనిపించేంత వరకే పోయాలి. నీరు ఎక్కువైతే పొడి అడుగున కూర్చుంటుంది, తక్కువైతే మూడో రోజుకే పొడీ నీరూ కలిసిన జావ గట్టిపడి రాళ్లు దొర్లడం మానేస్తాయి. డ్రమ్ము అంచునూ మూతనూ తుడిచి గట్టిగా బిగించి తిప్పడం మొదలుపెట్టండి. మంచి శబ్దం ఎలా ఉంటుందో వినడం నేర్చుకోవాలి. ఏటి నీరు గులకల మీద పారుతున్నట్టు ఎడతెగని సర్రుమనే శబ్దం సరైనది. టకటక వినిపిస్తే రాళ్లు జారకుండా పడుతున్నాయని అర్థం, అప్పుడు సిరామిక్ ముక్కలు కలపాలి.

ఒక రోజు గడిచాక ఆపి మూత తీయండి. కొన్ని రాళ్ల నుంచి వాయువు పుట్టి డ్రమ్ము ఉబ్బే అవకాశం ఉంది కనుక మొదటి మూడు రోజులూ ఇలా చేయడం క్షేమం. కరెంటు గంటసేపు పోతే నష్టమేమీ లేదు. రాత్రంతా పోతే మాత్రం జావ అడుగున పేరుకుపోతుంది, తిరిగి వేసేముందు డ్రమ్మును చేతితో నాలుగైదుసార్లు కుదిపి కదిలించాలి.

ఏడు రోజుల తరువాత బయటికి తీసి, బకెట్టు మీద జల్లెడలో కడగండి. ఇక్కడే తీర్పు అవసరమవుతుంది. ప్రతి రాయినీ ఆరబెట్టి, పగటి వెలుతురులో తిప్పి చూడాలి. గుంటలు, గీతలు, పాత తోలు మచ్చలు ఏమీ మిగలని రాళ్లే రెండవ దశకు వెళ్లాలి. నా లెక్కలో మొదటి వారం పూర్తయ్యేసరికి నదిరాళ్లలో సగం కూడా అర్హత పొందవు. మిగిలినవి కొత్త పొడితో మరో వారం తిరగాలి, అవసరమైతే మూడవ వారం, నాలుగవ వారం. పొడి ఒక వారంలోనే అరిగి మెత్తబడుతుంది కాబట్టి పాతదానితోనే రెండు వారాలు నడపడం వ్యర్థం. రాయి బరువులో పదోవంతు నుంచి ఐదోవంతు దాకా ఈ దశలో పోవడం మామూలే. పూర్తయిన రాళ్లను డబ్బాలో దాచిపెడుతూ, డ్రమ్ముకు సరిపడా పోగయ్యాక మాత్రమే ముందుకు వెళ్లండి. ఈ దశలో వదిలేసిన గుంటను తరువాతి మూడు పొడులలో ఏ ఒక్కటీ పూడ్చలేదు. పైగా ఆ గుంటలో చిక్కుకున్న గరుకు రేణువు పాలిష్ దశలో బయటపడి అన్ని రాళ్లనూ గీరుతుంది.

కడిగిన జావను ఎన్నడూ సింకులో గాని, బాత్రూం తూములో గాని పోయకండి. అది గొట్టాల్లో సిమెంటులా గడ్డకడుతుంది. బకెట్టులో ఒక రోజు ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. పై నీటిని నేలమీద పోసి, అడుగు బురదను తడిగానే సంచిలో కట్టి చెత్తలో వేయాలి. ఎండి పొడిగా మారితే దానిలోని సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఒలికిన చోట ఊడ్చకుండా తడిబట్టతో తుడవండి.

రెండవ, మూడవ దశలు

120/220 పొడితో ఒక వారం, 500 పొడితో ఒక వారం. కొలతలు పైన చెప్పినవే. ప్రతి దశకూ ముందు రాళ్లనూ, సిరామిక్ ముక్కలనూ, డ్రమ్మునూ, మూత గాడినీ కడిగిన నీరు తేటగా దిగేవరకు కడగాలి. మూత గాడిలో మిగిలిపోయిన నాలుగు గరుకు రేణువులు వారం శ్రమను పాడుచేస్తాయి. ఈ దశల్లో విరిగిన రాయి కనిపిస్తే కనికరం లేకుండా తిరిగి మొదటి దశకు పంపాలి. మూడవ దశ ముగిసేసరికి ఆరిన రాయి మీద పట్టుబట్ట వంటి మసక మెరుపు రావాలి. అది రాకపోతే అదే పొడిని తాజాగా వేసి ఇంకో నాలుగు రోజులు తిప్పండి.

పాలిష్

వీలైతే ఈ దశకు వేరొక డ్రమ్ము కేటాయించండి, రబ్బరులో దిగబడిన గరుకు రేణువులు ఎంత కడిగినా పూర్తిగా పోవు. అర కిలో రాళ్లకు ఒక టేబుల్‌స్పూను అల్యూమినియం ఆక్సైడు వేసి ఏడు రోజులు తిప్పాలి. రాళ్ల మధ్య మెత్తదనం చాలా అవసరం కనుక సిరామిక్ ముక్కల పాలు పెంచండి. గ్లాసు పాలిష్‌కు వాడే సీరియం ఆక్సైడు కూడా అగేటు మీద బాగా పనిచేస్తుంది.

బయటికి తీశాక, పరిమళాలు కలపని సబ్బును తురిమి, చిటికెడు తురుమూ నీళ్లూ వేసి అదే డ్రమ్ములో ఒక గంట తిప్పితే రాతికి అంటిన పాలిష్ పొడి పొర వదులుతుంది. అప్పుడు రాయిని పూర్తిగా ఆరబెట్టి ట్యూబ్‌లైటు కింద పట్టండి. లైటు ప్రతిబింబం అంచులు పదునుగా కనిపిస్తే పని పూర్తయినట్టు. తడిగా మెరిసి, ఆరాక మసకబారితే లోపం మూడవ దశలో ఉంది, అక్కడికే తిరిగి వెళ్లాలి. ఒంపుల మీద సన్నని గీతలుంటే ముందు దశల గరుకు పొడి పాలిష్‌లో కలిసిపోయిందని అర్థం. అంచుల్లో మాత్రమే తెల్లని చిన్న గంట్లుంటే డ్రమ్ము నిండుగా లేదు. మైనం, నూనె రాసి ఈ లోపాలను కప్పవద్దు. ఆ మెరుపు ఎక్కువకాలం నిలవదు.

పూర్తయిన రాళ్లను ఒకదానినొకటి గీరకుండా గుడ్డ సంచుల్లో విడివిడిగా ఉంచి, ఏ మేట మీద, ఏ చేను గట్టున, ఏ తేదీన దొరికిందో చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. మరుసటి వేసవిలో ఏ మలుపు దగ్గరికి తిరిగి వెళ్లాలో ఆ చీటీలే చెబుతాయి.